టీచరు డైరీ ఎవరి కోసం?

మన హాస్టల్లో చదివి ఉద్యోగాల్లో స్థిరపడ్డవాళ్లను లెక్కపెడితే టీచర్లే ముందు వరుసలో ఉంటారు. టీటీసీ, డీఎడ్, బీఈడీ చదివి డీఎస్సీ రాయడం మన అన్నల కాలం నుంచి మనకు తెలిసిన దారి. 2024లో తెలంగాణలో 11,062 పోస్టులకు, 2025లో ఆంధ్రప్రదేశ్‌లో 16,347 పోస్టులకు డీఎస్సీ జరిగినప్పుడు సంక్షేమ హాస్టళ్లలో చదువుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు మరికొందరు ఆ దారినే బడుల్లోకి వచ్చారు. వాళ్లు మమ్మల్ని బదిలీల గురించి అడుగుతారు, పీఆర్సీ గురించి అడుగుతారు. వాటి మధ్యలో ఒక చిన్న ప్రశ్న కూడా వేస్తుంటారు: "అన్నా, ఏడాది పొడవునా బడి పని రాసుకోవడానికి ఏ డైరీ కొంటే బాగుంటుంది?"

చూడ్డానికి ఇది స్టేషనరీ షాపు ప్రశ్న. కాని దాని వెనుక మన వృత్తి మొత్తం ఉంది. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఆ ప్రశ్నకే జవాబు రాయదలచుకున్నాం. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. ఖరీదైన ప్లానరు అక్కర్లేదు. ఉచితంగా వచ్చే డైరీ సరిపోదు. గట్టి అట్ట, కుట్టు బైండింగు ఉన్న 200 పేజీల రూళ్ల లాంగ్ బుక్కు ఒకటి కొనండి. గీతలు మీరే గీసుకోండి. ఎందుకో వరసగా చెబుతాం.

జనవరి డైరీతో జూన్ బడి నడవదు

కొత్త సంవత్సరం వస్తే చాలు, టీచరు ఇంట్లో మూడు నాలుగు డైరీలు పోగవుతాయి. బ్యాంకువాళ్లు ఒకటి, బీమా ఏజెంటు ఒకటి ఇస్తారు. ఉపాధ్యాయ సంఘాలు కూడా తమ డైరీలు వేస్తాయి. సంఘం డైరీని మేం తక్కువ చేయడం లేదు. సెలవు నిబంధనలు, జీవోలు, స్కేళ్లు అన్నీ ఒకచోట దొరికే పుస్తకం అది. అది బీరువాలో ఉండాల్సిందే. అయితే అందులో పేజీలు జనవరి 1న మొదలై డిసెంబరు 31న అయిపోతాయి. మన బడి సాధారణంగా జూన్ 12న తెరుస్తారు, ఏప్రిల్ నాలుగో వారంలో మూస్తారు. అంటే ఒకే తరగతి పిల్లల చదువు రెండు డైరీల్లోకి చీలిపోతుంది. ఆగస్టులో భిన్నాలు రాని పిల్లవాడి సంగతి పాత డైరీలో ఉంటుంది. ఫిబ్రవరిలో వాడికి శాతాలు ఎందుకు రావడంలేదో చూడాలంటే ఆ పాత డైరీ ఇంట్లో అటక మీద ఉంటుంది.

జనవరి లెక్కతో మనకు నిజంగా పనిపడేది ఒక్క సెలవుల విషయంలోనే. మన రెండు రాష్ట్రాల్లో టీచర్లకు ఏడాదికి 15 సాధారణ సెలవులు, 7 ప్రత్యేక సాధారణ సెలవులు కలిపి 22 ఉంటాయి. మహిళా టీచర్లకు అదనంగా మరో 5 ఉంటాయి. వీటిని క్యాలెండరు సంవత్సరం ప్రకారం లెక్కిస్తారు. కనుక పుస్తకం చివర ఒక పేజీని అడ్డంగా రెండు భాగాలు చేసి, పైన జూన్ నుంచి డిసెంబరు దాకా, కింద జనవరి నుంచి ఏప్రిల్ దాకా రాసుకుంటే చాలు. మిగతా పుస్తకమంతా జూన్‌తోనే మొదలు కావాలి.

షాపు ప్లానర్లో శనివారం ఎక్కడ?

ఈమధ్య అందమైన ప్లానర్లు వస్తున్నాయి. రంగురంగుల అట్టలు, స్టిక్కర్లు, రిబ్బన్లు ఉంటాయి. కొత్తగా ఉద్యోగం వచ్చిన చెల్లెలు మొదటి జీతంలో ఒకటి కొనుక్కుంటే మేం కాదనం. కాని కొనేముందు ఒకసారి తెరిచి చూడండి. చాలావాటిలో సోమవారం నుంచి శుక్రవారం దాకా పెద్ద గళ్లు ఉంటాయి. శని, ఆది వారాలు రెండూ కలిపి మూలన ఒక చిన్న గడి ఉంటుంది. వారానికి ఐదు రోజులే పని ఉండే దేశాల టీచర్ల కోసం మొదట తయారైన నమూనా అది. మనకు రెండో శనివారం తప్ప మిగతా శనివారాలు పనిరోజులే. ఏడాదికి ముప్పైకి పైగా రోజుల పని ఆ చిన్న గడిలో పట్టదు.

తర్వాత పండుగలు, రుతువులు. దసరాకు రెండు వారాల దాకా బడి ఉండదు, సంక్రాంతికి దాదాపు వారం. మార్చి సగం నుంచి ఒంటిపూట బడులు. ములుగు ప్రాంతంలో పనిచేసేవారికి రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతర. ప్రతి ఊరికీ ఒక తిరునాళ్లో, ఉర్సో, పీర్ల పండుగో, క్రిస్మస్ కూడికలో ఉండనే ఉంటాయి. ఆ రోజుల్లో తరగతిలో ఎందరుంటారో ఊళ్లో నాలుగు నెలలు పనిచేసిన టీచరుకు తెలుస్తుంది గాని, ఎక్కడో అచ్చువేసిన పుస్తకానికి తెలియదు. అందుకే జూన్ మొదటి వారంలోనే ఊళ్లో పెద్దవాళ్లను, మధ్యాహ్న భోజనం వండే అమ్మలను అడిగి ఊరి పండుగలు, పంట పనుల కాలాలు రాసుకోవాలని మా సలహా. ఆ పని ఇప్పటివరకు ఏ కంపెనీ ప్లానరూ చేసిపెట్టలేదు.

200 పేజీలు సరిపోతాయా?

సరిపోతాయి. లెక్క చూడండి. జూన్ 12 నుంచి ఏప్రిల్ నాలుగో వారం దాకా సుమారు 45 వారాలు. దసరా, సంక్రాంతి సెలవులు మూడు వారాలు తీసేస్తే 42. వారానికి ఎదురెదురుగా రెండు పేజీల చొప్పున 84 పేజీలు. నెలకు రెండు పేజీల చొప్పున 11 నెలలకు 22. తరగతిలో 60 మంది ఉన్నారనుకున్నా పిల్లవాడికో పేజీ చొప్పున 60. అంతా కలిపి 166. మిగిలిన 34 పేజీల్లో సిలబస్ విభజనకు 10, మార్కులకు 10, తల్లిదండ్రుల సమావేశాలకు 6, సెలవులకు 2 పోను ఇంకా 6 ఖాళీగా ఉంటాయి. ఆ ఆరూ ఖాళీగానే ఉంచండి, ఏదో ఒక అవసరం వస్తుంది.

సిలబస్ విభజన కూడా లెక్కతోనే చేయాలి. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని షెడ్యూలు ప్రకారం 1 నుంచి 5 తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలి. 6 నుంచి 8 తరగతులకు 220 పనిదినాలు, 1,000 గంటలు. టీచరు వారానికి కనీసం 45 గంటలు పనిచేయాలని కూడా అందులోనే ఉంది. ఆ 45 గంటల్లో పాఠానికి తయారయ్యే సమయం కూడా కలిసే ఉందన్న సంగతి చాలామంది గమనించరు. అంటే రాసుకోవడం, ఆలోచించుకోవడం ఇంటికి మోసుకుపోవలసిన అదనపు చాకిరీ కాదని, అది కూడా ఉద్యోగంలో భాగమేనని చట్టమే ఒప్పుకుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పదో తరగతికి వారానికి 6 పీరియడ్లు చెప్పే టీచరు ఫిబ్రవరి ఆఖరుకు సిలబస్ ముగించాలనుకున్నాడు. జూన్ 12 నుంచి అప్పటికి 37 వారాలు. సెలవులకు 3, పరీక్షలకు మరో 3 తీసేస్తే 31 వారాలు, 186 పీరియడ్లు. అందులో ఆరో వంతు ఏదో ఒక కారణంతో పోతుందని ముందే అనుకోవాలి. మిగిలేవి 155. పాఠాలు 14 ఉంటే ఒక్కోదానికి సగటున 11 పీరియడ్లు. ఈ లెక్క జూన్‌లో వేసుకున్న టీచరు జనవరిలో పాఠాలు పరుగెత్తించడు. ఆ పరుగులో ముందు వెనకబడేది ఎవరో మనకు వేరే చెప్పాలా? ఇంటి దగ్గర చెప్పేవాళ్లు లేని పిల్లలు. ట్యూషన్ లేని పిల్లలు. మన హాస్టల్ పిల్లలు.

అనుకున్నది, జరిగింది

వారానికి కేటాయించిన రెండు పేజీల్లో ఎడమవైపు "అనుకున్నది", కుడివైపు "జరిగింది" అని రాసుకోండి. మొత్తం పద్ధతిలో మేం గట్టిగా పట్టుబట్టేది ఈ ఒక్కదాని మీదే. అచ్చు డైరీల్లో అనుకున్నదానికే చోటు ఉంటుంది. జరిగినదానికి ఉండదు. దాంతో అనుకున్నదే జరిగినట్టు లెక్కలోకి పోతుంది.

అనుకున్నట్టు జరగని రోజులు మనకు తక్కువేం కాదు. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ ప్రకారం జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికల విధులకు తప్ప టీచర్లను బోధనేతర పనులకు పంపకూడదు. ఆ మూడే కావలసినన్ని రోజులు తింటాయి. 2024 నవంబరులో తెలంగాణలో ఇంటింటి కుటుంబ సర్వేకు సెకండరీ గ్రేడ్ టీచర్లను పంపినప్పుడు ప్రాథమిక పాఠశాలలు ఒంటిపూటే నడిచాయి. 2020 మార్చిలో కరోనా వచ్చి బడులు మూతపడ్డాయి. ఆ ఏడాది రెండు రాష్ట్రాల్లోనూ పదో తరగతి పరీక్షలే రద్దయ్యాయి. ఇలాంటి రోజుల్లో కుడి పేజీలో "3 పీరియడ్లు పోయాయి, త్రికోణాలు సగం మిగిలింది" అని ఒక్క వాక్యం రాసి ఉంటే, తర్వాత ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. మనం బదిలీ అయిపోతే మన వెనుక వచ్చే టీచరుకు కూడా తెలుస్తుంది.

గిజుభాయి బధేకా గుజరాతీలో రాసిన "దివాస్వప్న" తెలుగులో "పగటికల" పేరుతో వచ్చింది. టీచర్లయిన తమ్ముళ్లు తప్పక చదవాల్సిన పుస్తకం. అందులో లక్ష్మీరాం అనే టీచరు నాలుగో తరగతితో ఒక ఏడాది ప్రయోగం చేస్తాడు. మొదటిరోజు ఎంతో ఆలోచించి తెచ్చుకున్న నిశ్శబ్దం ఆట పిల్లల గోలలో కొట్టుకుపోతుంది. మర్నాడు అతను కథ చెప్పడంతో మొదలుపెడతాడు, తరగతి అతని చేతికి వస్తుంది. ప్లాను చెడిపోయిందని అతను పిల్లల్ని తిట్టలేదు, ప్లానునే మార్చుకున్నాడు. కుడి పేజీ ఉండవలసింది అందుకే.

ఒక్క టీచరు, ఐదు తరగతులు

ఏకోపాధ్యాయ పాఠశాలలో చేరిన తమ్ముళ్లకు ఒక ప్రత్యేక సూచన. అచ్చు ప్లానర్లన్నీ గంటకో తరగతి అనే పద్ధతిలో ఉంటాయి. మీకు ఏ గంటలోనైనా తరగతులన్నీ కళ్లముందే ఉంటాయి. కనుక పేజీలో నిలువుగా గంటలు, అడ్డంగా 1 నుంచి 5 తరగతులు వేసుకోండి. ప్రతి వరసలో ఒక్క గడిలోనే "నా దగ్గర" అని రావాలి. మిగతా గళ్లలో ఆ పిల్లలు సొంతంగా ఏం చేస్తారో రాయాలి: చూచిరాత, జట్టుగా చదవడం, గింజలతో లెక్కలు, బొమ్మలు. ఏ గడీ ఖాళీగా ఉండకూడదు. ఖాళీ గడి అంటే ఆ గంట ఒక తరగతి ఊరికే కూర్చుందని అర్థం. ఈ పట్టిక రెండు వారాలు వేస్తే ఏ తరగతికి మీరు తక్కువ సమయం ఇస్తున్నారో మీకే కనబడుతుంది. సాధారణంగా అది ఒకటో తరగతే అవుతుంది. ఎందుకంటే వాళ్లు అడగరు.

పిల్లవాడికో పేజీ

ఇక అసలు విషయానికి వస్తాం. 60 పేజీలు పిల్లల పేర్ల మీద పెట్టమన్నాం. అంత అవసరమా అని కొందరు సీనియర్లు మమ్మల్ని అడిగారు. హాజరు రిజిస్టరు ఉంది, మార్కుల రిజిస్టరు ఉంది, ఫోనులో యాప్ ఉంది, ఇంకా పేజీ ఎందుకని వారి ప్రశ్న. వాటిలో పిల్లవాడు వచ్చాడా రాలేదా, ఎన్ని మార్కులు వచ్చాయి అన్నదే ఉంటుంది. ఎందుకు రాలేదో, ఎక్కడ ఆగిపోయాడో ఉండదు.

కర్నూలు పడమటి మండలాల్లో, ఆదోని, కోసిగి వైపు పనిచేసేవారికి తెలుసు. వర్షాధార పంట చేతికొచ్చాకో, రాకపోతేనో కుటుంబాలకు కుటుంబాలు పత్తి తీతకు, మిరపకాయ కోతకు గుంటూరు వైపు వలసపోతాయి. పాలమూరు వలసల సంగతి అందరికీ తెలిసిందే. పత్తి పండే ఊళ్లలో వలస లేకపోయినా దసరా దాటాక పిల్లలు చేలల్లోకి పోతారు. రిజిస్టరులో అవన్నీ వరస గైర్హాజరులే. పిల్లవాడి పేజీలో "పోయిన ఏడు నవంబరులో తల్లిదండ్రులతో వెళ్లాడు, సంక్రాంతికి వచ్చాడు" అని ఉంటే, ఈ ఏడు అక్టోబరులోనే ఆ ఇంటికి వెళ్లి మాట్లాడవచ్చు. అవ్వ దగ్గర ఉంచుతారా, సీజనల్ హాస్టల్ ఏమైనా నడుస్తోందా, ఎవరితో చెప్పాలి అని హెడ్మాస్టరుతో ముందే కూర్చోవచ్చు. డిసెంబరులో బాధపడి లాభం లేదు.

హాస్టల్ పిల్లల పేజీలో రాయవలసినవి వేరే ఉన్నాయి. పండుగ సెలవుల తర్వాత ఎప్పుడు తిరిగి వచ్చాడు. తల్లిదండ్రుల సమావేశానికి ఎవరు వస్తారు, రాలేకపోతే వార్డెనుతో మాట్లాడామా లేదా. స్టడీ అవర్లో ఆ సబ్జెక్టు చెప్పే ట్యూటరు ఉన్నారా. "రేపు మీ నాన్న సంతకం పెట్టించుకురా" అంటే ఎనభై కిలోమీటర్ల దూరంలో ఉన్న నాన్న సంతకం ఎలా వస్తుందో హాస్టల్లో ఉన్నవాళ్లకే తెలుసు. ఇది తెలిసిన మనమే టీచర్లమై మరచిపోతే ఇంకెవరు గుర్తుపెట్టుకుంటారు?

ఏం రాయకూడదో కూడా చెప్పాలి. కులం రాయవద్దు. "మొద్దు", "చదువు రాదు", "ఇంటి వాతావరణం మంచిది కాదు" అని రాయవద్దు. అవి తీర్పులు. వాటితో మర్నాడు చేయగలిగిన పని ఏమీ ఉండదు. "తీసివేతలో పదుల నుంచి అప్పు తెచ్చుకోవడం రావడంలేదు", "ఒత్తులు వదిలేస్తున్నాడు", "నల్లబల్ల కనపడటంలేదేమో, కళ్లు చూపించాలి" అని రాయండి. ఇలా రాస్తే రేపు చేయాల్సిన పని అందులోనే ఉంటుంది. పిల్లవాడి ఇంటి కష్టాలు తెలిసినా వాటిని స్టాఫ్ రూం బల్ల మీద పడి ఉండే పుస్తకంలో పెట్టకండి. మనం చదువుకునే రోజుల్లో మన పేర్ల పక్కన ఎవరు ఏం రాసుకున్నారో మనకు తెలియదు. మన చేతిలో కలం ఉన్నప్పుడు మాత్రం ఏం రాయాలో మనకు తెలుసు.

తనిఖీ కోసం ఒకటి, తనకోసం ఒకటి

వార్షిక ప్రణాళిక, పాఠ్యపథకాలు, టీచరు డైరీ అని శాఖ అడిగేవి ఎటూ ఉన్నాయి. వాటిని అడిగిన నమూనాలో రాసి ఇవ్వాల్సిందే. అయితే చాలాచోట్ల అవి పోయిన ఏటివి చూసి ఈ ఏడు ఎక్కించినవిగా తయారయ్యాయి. తారీఖులు మాత్రం మారతాయి. చూసేవారు పేజీలు నిండాయా అని చూసి సంతకం చేస్తారు. ఈ తంతు మీద మాకు పెద్ద గౌరవం లేదు. అందుకే మేం చెప్పే లాంగ్ బుక్కు ఎవరికీ చూపించడానికి కాదు. అక్షరాలు వంకరగా ఉన్నా ఫరవాలేదు, కొట్టివేతలు ఉన్నా ఫరవాలేదు. నిజం ఉంటే చాలు.

ఫోనులో రాసుకోవచ్చు కదా అంటారు కుర్రవాళ్లు. హాజరుకు, వివరాలు పంపడానికి ఫోను ఎలాగూ తప్పడంలేదు. కాని ఫోనులోకి ఎక్కించినవి పైకి వెళ్లే లెక్కలు. తరగతిలో నిలబడి ఫోను తీస్తే పిల్లలు పాఠం వదిలి దానివైపే చూస్తారు. సిగ్నలు లేని ఊళ్ల సంగతి వేరే. పుస్తకం బల్ల మీద తెరిచి ఉంటుంది, చేయి చాచితే అందుతుంది, రెండేళ్ల తర్వాత కూడా తెరుచుకుంటుంది.

కొనేటప్పుడు నాలుగు విషయాలు చూడండి. కాగితం పలచగా ఉంటే జెల్ పెన్ను సిరా వెనక్కి దిగుతుంది, షాపులోనే ఒక గీత గీసి చూడండి. పిన్నులు కొట్టిన పుస్తకం డిసెంబరుకు మధ్యలో ఊడుతుంది, కుట్టు బైండింగు ఉన్నదే తీసుకోండి. స్పైరల్ పుస్తకం చక్కగా తెరుచుకుంటుంది గాని, రోజూ బస్సులో సంచిలో నలిగితే తీగ వంగి పేజీలు చిరుగుతాయి. అట్టకు ప్లాస్టిక్ కవరు వేయండి, జూన్‌లో వానలు మొదలవుతాయి. బడి తెరిచే ముందు ఒక ఆదివారం స్కేలు, పెన్సిలు పట్టుకుని కూర్చుంటే గీతలన్నీ అయిపోతాయి. హాస్టల్లో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు కూడా ఇదే పద్ధతిలో సన్నటి నోటు పుస్తకం ఒకటి పెట్టుకోవచ్చు. స్టడీ అవర్లో ఏం చదవాలనుకున్నారో ఎడమవైపు, ఏం చదివారో కుడివైపు.

చివరగా పూర్వ విద్యార్థులకు ఒక మనవి. మన హాస్టల్ నుంచి ఎవరికైనా టీచరు ఉద్యోగం వస్తే శాలువా కప్పి జ్ఞాపిక ఇవ్వడం మనకు అలవాటు. ఈసారి నుంచి దానితోపాటు ఒక 200 పేజీల లాంగ్ బుక్కు, ఒక స్కేలు ఇద్దాం. మొదటి పేజీ మీద మనమేమీ రాయవద్దు. తన తరగతిలో మొదటి పిల్లవాడి పేరు ఆ టీచరే రాసుకుంటాడు.